సిస్టమ్ మహిపాల్

కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు రోడ్డుకు అడ్డంగా బస్సు ఒకటి కాలుతోంది. టైర్లు ఒక్కొక్కటే పేలుతున్నాయి. ఆ చప్పుడుకు మార్కెట్ గోడ మీది కాకులు లేచి మళ్ళీ అక్కడే వాలుతున్నాయి. కుళ్ళిన బత్తాయిల మీద రబ్బరు మసి పడి, ఆ వాసన గొంతులోకి దిగి కూర్చుంటోంది. ఆ పొగలోంచి మహిపాల్ నడిచి వస్తున్నాడు. భుజం మీద దుప్పట్లో చుట్టిన కంప్యూటర్ సీపీయూ డబ్బా. ఎల్బీ నగర్ నుంచి అలాగే మోసుకొస్తున్నాడు. బంద్ రోజున బండి తీస్తే అద్దాలు మిగలవు గానీ, పాత డబ్బా ఎవడికి కావాలి అని అతని ధీమా.

ఆ ధీమా మార్కెట్ మలుపు దాకా కూడా నిలవలేదు.

"ఒరేయ్ మహీ! చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఏందిరా గది?"

డివైడర్ మీద నిలబడి కేకేసినవాడు జగన్. ఇద్దరిదీ నకిరేకల్ దగ్గర ఒకే ఊరు, ఒకే బడి. బస్తీలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ సంఘం నడుపుతున్నాడిప్పుడు. చేతికి సైకిల్ చైను చుట్టుకుని ఉన్నాడు. వెనక కుర్రాళ్ళ గుంపు, కొందరి చేతుల్లో ఇనప చువ్వలు, కొందరి చేతుల్లో అప్పుడే డివైడర్ నుంచి ఊడబెరికిన రాళ్ళు.

"రావు సార్ ఇన్‌స్టిట్యూట్‌ది. ఖరాబైతే బాగుచేసిన. ఇచ్చొస్త."

"ఏ రావు? దిల్‌సుఖ్‌నగర్ల బ్యాంకు కోచింగ్ రావా? గుంటూరాయన?"

"ఆయనే."

జగన్ డివైడర్ మీంచి దూకాడు. "దించు," అన్నాడు.

పోయిన నెల ఊరేగింపులో లాఠీచార్జి జరిగిన తరువాత పోలీసులు ఇళ్ళ మీద పడ్డారు. చేతిలో అచ్చువేసిన ఫొటోలు. రాయి ఎత్తినవాడి మొహం, జెండా కర్ర తిప్పినవాడి మొహం, ఒక్కొక్కటీ తళతళలాడుతున్నాయట. అలా పట్టుకుపోయిన వాళ్ళలో జగన్ బామ్మర్ది మట్టయ్య ఉన్నాడు. తిరిగి వచ్చినప్పుడు అతన్ని ఇద్దరు మోసుకొచ్చారు. మోకాలిచిప్ప ముక్కలైంది. ఆ ఫొటోలు ఎవరు తీశారన్నది అప్పట్నుంచీ బస్తీకి పట్టుకున్న జ్వరం. పోలీసులు తమ కెమెరావాణ్ణి జీపు మీద నిలబెట్టి తీయించుకున్నారని తెలియనివాడు లేడు. కానీ జ్వరంలో ఉన్నవాడికి తెలిసిన సంగతి ఎక్కడ గుర్తుంటుంది? రావుగారి ఇన్‌స్టిట్యూట్ బాల్కనీ సరిగ్గా ఆ రోడ్డు మీదికే ఉంది. అక్కడే లెక్కలు చెప్పే ఆయన మేనల్లుడు అభిరామ్ ఆ రోజు బాల్కనీలో నిలబడ్డాడు. ఫోన్ చేతిలో ఉంది. వాళ్ళకి అది చాలింది.

"గా అభిరామ్ గాడే తీసిండు. గీ డబ్బాల ఉంటయి. తెరువు."

"పాస్‌వర్డ్ ఉంటది గదరా."

"నీకు తెల్వదా? ఊరోళ్ల తాళాలన్ని నీ కాడనేనాయె."

అది నిజం. ఆ నిజం చెప్పాలంటే మహిపాల్ సంగతి కొంత చెప్పాలి.

బెజవాడ నుంచి వచ్చే ఈ రోడ్డు మీదనే కోస్తావాళ్ళూ వచ్చారు, నల్గొండవాళ్ళూ వచ్చారు. అవే బస్సులు. ఒకరు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి కోచింగులు పెట్టారు, హాస్టళ్ళు పెట్టారు. ఒకరు అంతకు ముందే ఎల్బీ నగర్‌లో దిగి లారీలెక్కారు, మూటలెత్తారు. మహిపాల్ తండ్రి ఈ పండ్ల మార్కెట్లోనే హమాలీగా చేసి, ఒక ఎండాకాలం మామిడిపెట్టెల కిందే గుండె ఆగి పోయాడు. తల్లి అండాలమ్మ చంపాపేటలో నాలుగిళ్ళలో అంట్లు తోమి కొడుకును ఇంటర్ దాకా లాక్కొచ్చింది. ఇంటర్ తప్పాడు. ఒక కంప్యూటర్ల దుకాణంలో దుమ్ము దులిపే పనికి చేరాడు. దులుపుతూ దులుపుతూ విప్పడం నేర్చాడు, విప్పుతూ బిగించడం నేర్చాడు. చివరికి ఎల్బీ నగర్ వెనక సందులో షట్టర్ ఒకటి కిరాయికి తీసుకున్నాడు. బోర్డు కూడా పెట్టలేదు. సిస్టమ్ మహిపాల్ అంటే వనస్థలిపురం నుంచి మలక్‌పేట దాకా ఎవరైనా దారి చూపిస్తారు.

కంప్యూటర్ కొనేవాడు ముందు అడిగేది ఏ ఓఎస్, అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్, వేయించుకోవాలని. దానికి మహిపాల్ దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉండేది. రావుగారు, అంటే రామమోహనరావు, దాన్ని కుర్చీలో వెనక్కి వాలి ఆసాంతం విన్నాడు.

"కిరాయికి ఇల్లు ఎతుకుడు లెక్క సార్ ఇది. విండోస్ అంటే మెయిన్ రోడ్డు మీది పోర్షన్. నీలం ఆకాశం, పచ్చ గుట్ట, తెరవంగనే కండ్లకు సల్లగుంటది. కిందికి దిగితే కిరాణం, దవాఖాన, బస్టాపు అన్ని ఆడనే. పేపర్లు, కరపత్రాలు తయారుచేసే పేజ్‌మేకర్ నడుస్తది, లెక్కలు నడుస్తయి, పిల్లల ఆటలు నడుస్తయి. కని మనోళ్లు ఏపిచ్చుకునేది కాపీ సీడీ. తాళంచెవి మన చేతికి రాకముందే ఎందరి చేతులు మారిందో. ఎవడు డూప్లికేట్ కొట్టిచ్చుకున్నడో ఎవలికి ఎర్క?"

"లినక్స్ లినక్స్ అంటున్నారు, అదేవిటి మరి?"

"అది ప్లాటు కొని కట్టుకున్న సొంతిల్లు. ఉబుంటు అని దాని సీడీ, పైస లేకుంట, పోస్టుల పుక్యానికి వస్తది. రంగు జర మట్టిరంగు, సున్నం ఎయ్యని గోడ లెక్క. కని గోడ ఎట్ల కట్టిండ్రో ఇటుక ఇటుక విప్పి చూపెడ్తరు. దొంగభయం తక్కువ. ప్రింటర్ పెట్టాలంటె మాత్రం గోడకు మొల మనమే కొట్టుకోవాలె. పేజ్‌మేకర్ రాదు."

"మ్యాకు?"

మ్యాక్‌ను మహిపాల్ ఒక్కసారే ముట్టుకున్నాడు, చంపాపేటలో పెళ్ళి ఆల్బంలు చేసే సాంబమూర్తి దగ్గర. "అది జూబ్లీహిల్స్ బంగ్ల సార్. గేటు కాడ వాచ్‌మన్. ముట్టుకునే ముందల చేతులు కడుక్కోబుద్ధైతది. అంత అందం. కని గోడకు క్యాలెండర్ తగిలియ్యాలన్నా ఓనర్‌ను అడగాలె."

రావుగారు పకపకా నవ్వాడు. "అందం బంగళాకిచ్చావు, సౌకర్యం పోర్షనుకిచ్చావు, నమ్మకం సొంతింటికిచ్చావు. ఇంతకీ నాకేది వేస్తావయ్యా?"

"మీకు పోర్షనే సార్. నమ్మకానికి నేనున్న గద."

అందరికీ చివరికి వేసేది విండోసే. సంఘం ఆఫీసుకూ అదే వేశాడు. ఆ రోజు జగన్ పక్కనే నిలబడి హుకుం జారీ చేశాడు.

"ఒరేయ్, మా సిస్టమ్ల ఆంధ్రోళ్లది ఒక్క ముక్క గూడ ఉండొద్దు. గీ విండోస్ ఎవలిది?"

"అమెరికోళ్లది."

"గట్లయితే ఎయ్యి. గదానికేం ఫికర్ లేదు."

ఏది వేసినా, ఎవరికి వేసినా, మహిపాల్ పనిలో ఒక అలవాటు ఉంది. యజమాని పేరుతో ఒక ఖాతా తెరిచేవాడు, దాని వెనక తన సర్వీసు ఖాతా ఒకటి తెరిచేవాడు. అన్ని డబ్బాల్లోనూ దానికి ఒకటే పాస్‌వర్డ్: తల్లి పేరు. రేపు యజమాని పాస్‌వర్డ్ మరచిపోతే తలుపు బద్దలుకొట్టే పని లేకుండా. దొంగబుద్ధి కాదది. పాతకాలపు కోటల్లో తాళాల గుత్తి మోసేవాడు రాజుకన్నా ముందు ప్రతి గదిలోకీ వెళ్ళేవాడు. వాణ్ణి ఎవరూ అనుమానించేవారు కాదు, ఎందుకంటే వాణ్ణి ఎవరూ చూసేవారు కాదు. మహిపాల్ అలాంటివాడు. లాయరు ఇంట్లో, కోచింగు సెంటర్లో, ఉద్యమ సంఘంలో కూడా తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, పని చూసుకుని, టీ తాగి వచ్చేవాడు.

ఇప్పుడు ఆ డబ్బాను జగన్ మనుషులు రోడ్డు పక్క జిరాక్స్ దుకాణంలోకి మోసుకుపోయారు. సగం దించిన షట్టర్ కింద నుంచి ఒక్కొక్కరే దూరారు. దుకాణం నడిపే ఈరమ్మ మూల నిలబడి, "మిషన్ మీద కర్రలు పెట్టకుర్రి బిడ్డా, మీ కాళ్లు మొక్కుత," అంటోంది. వైర్లు తగిలించారు. మానిటర్ వెలిగింది. పాస్‌వర్డ్ అడుగుతూ గీత ఒకటి మినుకుమినుకుమంటోంది.

"మహీ, నువ్వు మనోనివా, ఆళ్లోనివా?" అన్నాడు జగన్. అరవలేదు. చైను మాత్రం చేతికి ఇంకో చుట్టు తిప్పాడు.

మహిపాల్‌కు అప్పుడు భయం కంటే ధీమాయే ఎక్కువ. అభిరామ్ సంగతి అతనికి తెలుసు. పాఠాలు, మోడల్ పేపర్లు, కాసిని సినిమా పాటలు తప్ప ఆ డబ్బాలో ఏమీ ఉండదు. తెరిచి చూపిస్తే అనుమానం ఇక్కడికిక్కడే చల్లారిపోతుంది, అభిరామ్ బతికిపోతాడు. తెరవకపోతేనే ఉందని నమ్ముతారు. ఇంత తర్కం చేసుకుని, తల్లి పేరు కొట్టి, తన సర్వీసు ఖాతా తెరిచాడు.

"సూసుకోర్రి. ఏమన్న ఉంటె నన్నడుగుర్రి," అని ఫొటోలన్నీ వెతకమని మీట నొక్కాడు.

ఫొటోలు వచ్చాయి. ఒకటి వెనక ఒకటి, తెర నిండా. ఊరేగింపు. జెండాలు. లాఠీ తగిలి తల పట్టుకున్న పిల్ల. పరిగెత్తేవాళ్ళ వీపులు. ఒక ఫొటోలో మట్టయ్య, రాయి ఎత్తి, నోరు తెరిచి, మొహం అద్దంలో చూసినంత స్పష్టంగా.

 ఎవడో మానిటర్‌ను పిడికిలితో గుద్దాడు. తెర మధ్యలో సాలెగూడులా పగిలింది, ఫొటో మాత్రం దాని వెనక వెలుగుతూనే ఉంది. "పట్టుర్రి వాన్ని!" అని అరుపు. షట్టర్ దడేలున లేచింది. గుంపంతా చైతన్యపురి వైపు, దిల్‌సుఖ్‌నగర్ వైపు పరిగెత్తింది. దారిలో ఉన్న అద్దాలన్నీ ఆ పరుగులోనే పగిలాయి.

మహిపాల్ కదల్లేదు. పగిలిన తెర మీద ఫొటోలను కిందికి జరుపుతున్నాడు. అభిరామ్ ఇంత దగ్గర్నుంచి ఎట్లా తీశాడు? ఇవి బాల్కనీ మీంచి తీసినవి కావు. గుంపులో నిలబడి, భుజాల మధ్య నుంచి తీసినవి. ఇంకా కిందికి జరిపాడు. కరపత్రాల ఫైళ్ళు. ఇంకా కిందికి. జగన్ పెళ్ళి ఫొటో, మెళ్ళో దండ, పక్కన మట్టయ్య.

ఇదంతా సంఘం డబ్బాలోని సరుకు.

పదిరోజుల కిందటి సంగతి. సంఘం డబ్బాకు వైరస్ పట్టింది. మొత్తం తుడిచి, మళ్ళీ విండోస్ వేయాలి. తుడిచేముందు లోపలి సరుకంతా ఎక్కడో దించి పెట్టాలి. ఇంటికి సున్నం వేసేటప్పుడు సామాను పక్కింటి వరండాలో పెట్టినట్టు, ఆ వృత్తిలో అందరూ చేసేదే: బల్ల మీద ఏ డబ్బా తెరిచి ఉంటే, దేంట్లో జాగా ఉంటే, దాంట్లో పోస్తారు. పని అయ్యాక తిరిగి తెచ్చుకుని, ఇక్కడ చెరిపేస్తారు. పక్కింటివాళ్ళను అడగరు, అంతే. ఆ రోజు బల్ల మీద తెరిచి ఉన్నది రావుగారి డబ్బా. కుర్రాళ్ళు తమ ఫోన్లతో తామే తీసుకుని సంఘం కంప్యూటర్లో దాచుకున్న ఫొటోలు దాంట్లోకి దిగాయి. పని అయ్యాక సంఘం డబ్బాలోకి తిరిగి తెచ్చుకున్నాడు. ఇక్కడ చెరిపేలోపు కరెంటు పోయింది. చెరపడం మరిచాడు.

వెనకటి రోజుల్లో తిరగబడ్డవాణ్ణి పట్టుకోవాలంటే దండోరా వేసి పుట్టుమచ్చలు చెప్పేవారు. ఫోన్లో కెమెరా వచ్చాక ప్రతివాడూ తన మొహం తానే పదిమందికి పంచుతున్నాడు. అది ఎవరి దగ్గర ఆగుతుందో వాడికీ తెలియదు. ఇదంతా తీరిగ్గా ఆలోచించే సంగతి. మహిపాల్‌కు తీరిక లేదు. అతను పరిగెత్తుతున్నాడు.

ఇన్‌స్టిట్యూట్ రెండో అంతస్తులో. మెట్ల మీద రావుగారి కళ్ళద్దాలు నలిగిపోయి ఉన్నాయి. ఆయన గోడకు ఆనుకుని కూలబడి, నోట్లోంచి కారే రక్తాన్ని కండువాతో అదుముకుంటున్నాడు. "వద్దురా బాబూ, వాడు పిల్లాడురా," అని ఎవరికో చెబుతున్నాడు, అక్కడ వినేవాళ్ళెవరూ లేరు. లోపల కుర్చీలు గాల్లో లేస్తున్నాయి. మానిటర్లు కిటికీలోంచి రోడ్డు మీద పడి టపాకాయల్లా పగులుతున్నాయి. అభిరామ్‌ను బల్ల మీద బోర్లా పడేసి ఇద్దరు తొక్కిపట్టారు. మూడోవాడు కుడిచేతిని ముంజేతి దగ్గర లాగి పట్టుకున్నాడు. చొక్కా వీపున చైను దెబ్బలకు చీలి, చీలికల కింద చర్మమూ చీలింది.

"తియ్యలేదు సార్... అమ్మ తోడు తియ్యలేదండీ... నా ఫోన్లో చూసుకోండి..."

"నీ ఫోనెందుకురా. నీ డబ్బనే చెప్పింది," అంటూ జగన్ ఇనప స్టూలు ఎత్తాడు. అది వేళ్ళ మీద దిగింది. ఎండుకట్టెలు విరిచిన చప్పుడు. ఆ తరువాత అభిరామ్ గొంతులోంచి వచ్చింది మనిషి అరుపులా లేదు.

స్టూలు రెండోసారి లేచింది.

"ఆపుర్రి! గా ఫొటోలు నేను పెట్టిన!" మహిపాల్ బల్ల మీద పడి, ఆ విరిగిన చేతికి తన వీపు అడ్డం పెట్టాడు. స్టూలు అతని వీపు మీద దిగింది. "నేను పెట్టిన జగన్! అవి మనయే! మన పోరగాండ్లు తీసినయే!"

స్టూలు ఆగింది. మహిపాల్ దగ్గుతూ, మాటలు మింగుతూ, చెప్పాడు. మీ డబ్బా తుడిచేటప్పుడు మీ సరుకు రావు సార్ డబ్బాలో పోశాను, చెరపడం మరిచాను, నీ పెళ్ళి ఫొటో కూడా అందులోనే ఉంది, పోయి చూసుకో. జగన్ మొహంలో కోపం తగ్గుతుందని అతను అనుకున్నాడు. తగ్గలేదు. మొహం మొత్తం మారిపోయి, ఎన్నడూ చూడని మనిషిని చూస్తున్నట్టయింది.

"మా సరుకు... ఆంధ్రోళ్ల డబ్బల పోసినవా? మాకు చెప్పక?"

"పది నిమిషాలకే గదరా..."

"గా పది నిమిషాల ఎవడు సూశిండో నీకెర్కనా? మట్టన్న మోకాలు ఎట్ల పోయిందో నీకెర్కనా?"

మట్టయ్యను పట్టుకుపోయింది అంతకు చాలా ముందు. ఆ తేదీల సంగతి చెప్పబోయాడు మహిపాల్. పళ్ళ మీద పిడికిలి పడింది. కిందపడ్డాడు. బూట్లు, చెప్పులు, ఉత్త కాళ్ళు అన్నీ కలిసి వచ్చాయి. ఒకే ఊరివాడు కావడం వల్ల దెబ్బలు తగ్గలేదు. పరాయివాణ్ణి కొట్టేటప్పుడు అరిచినవాళ్ళు, అయినవాణ్ణి కొట్టేటప్పుడు అరవలేదు. పళ్ళు బిగించి కొట్టారు. కనుబొమ పగిలి ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది. రెండో కంటికి గుమ్మంలో రావుగారు కనిపించాడు. గోడ పట్టుకుని లేచి వచ్చి, మొత్తం విన్నాడు.

"మా కంప్యూటర్లో వాళ్ళ ఫొటోలు పెట్టావా, మహిపాల్?" అన్నాడాయన, కండువా నోటికి అడ్డం పెట్టుకుని. "మమ్మల్ని ఒక్క మాట అడగలేదు గదయ్యా."

కింద రోడ్డు మీద బాష్పవాయువు గుండు పేలింది. పొగ మెట్ల మీదుగా పైకి పాకింది. "పోలీసోళ్లు!" అని కేక. గుంపు దగ్గుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ దిగి పోయింది. పొగలో ముగ్గురు మిగిలారు.

అభిరామ్‌ను పెద్ద దవాఖానలో చేర్పించారు. మూడు వేళ్ళకు లోపల తీగలు వేశారు, చూపుడువేలు ఇక వంగదన్నారు. బోర్డు మీద లెక్కలు రాసే చేయి అది. మహిపాల్‌ను అండాలమ్మ రిక్షాలో వేసుకుపోయి చిన్న డాక్టరు దగ్గర కుట్లు వేయించింది. సంగతి ఎల్బీ నగర్‌కూ చేరింది, దిల్‌సుఖ్‌నగర్‌కూ చేరింది. ఒకచోట ఆంధ్రోళ్ళ వేగు అన్నారు, ఒకచోట ఉద్యమం వాళ్ళ మనిషి అన్నారు. ఏ పేరు పెట్టినా చేసింది మాత్రం ఒకటే: డబ్బాలు వేరేవాళ్ళకు ఇచ్చి తుడిపించుకున్నారు. ఒకప్పుడు టీ ఇచ్చిన లాయరు నమస్కారానికి బదులివ్వడం మానేశాడు. షట్టర్ ముందు వారాలపాటు ఎవరూ ఆగలేదు.

ఉగాదికి ముందు ఒక మధ్యాహ్నం మహిపాల్ చంపాపేటలో రావుగారి ఇంటికి వెళ్ళాడు. వెళ్ళమని ఎవరూ అనలేదు. రావుగారి భార్య కుసుమకుమారి తలుపు తీసి, అతని మొహం చూసి, తిట్టబోయి ఆగి, "కూర్చో," అంది. హాల్లో కొత్త కంప్యూటర్ ఒకటి ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. అభిరామ్ కిటికీ దగ్గర కుర్చీలో, కట్టు కట్టిన చేయి దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. రావుగారు పేపరు మడిచాడు. ఆయన పై పెదవి మీద మచ్చ మిగిలింది.

"బాగున్నవా అభిరామ్ సార్?"

"చూస్తున్నావుగా."

 ఫ్యాన్ కిచకిచలాడింది. రావుగారే మెత్తబడి, అట్టపెట్టె వైపు చూపించాడు. "కొత్తది కొన్నాం. ఏది వేయించమంటావు? ఆ ఇళ్ళ కబుర్లు మళ్ళీ చెప్పకు. అందం వద్దు, సౌకర్యం వద్దు. ఎవడూ లోపలికి రానిది ఒకటి చెప్పు చాలు."

మహిపాల్ అట్టపెట్టెను చూశాడు. చెప్పడానికి అతని దగ్గర చాలా ఉంది. ఉబుంటు వేసుకోండి, పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి, నేను అటు తిరిగి నిలబడతాను అనవచ్చు. నోరు తెరిచాడు కూడా. ఈలోపు అభిరామ్ మాట్లాడాడు. గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"ఒకటి చెప్పు మహిపాల్. మా దాంట్లో వాళ్ళవి ఉన్నాయి సరే. మావి ఎవరి డబ్బాల్లో ఉన్నాయి?"

మహిపాల్ ఆలోచించాడు. ఈ ఇంటివాళ్ళ పెళ్ళి ఫొటోలు, రావుగారి పాఠాలు, అభిరామ్ వాళ్ళమ్మ ఆపరేషన్ కాగితాలు, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు అతని బల్ల మీదుగా ఎక్కడికో పోయి వచ్చినవే. ఎవరి దాంట్లో పోశాడు? లాయరు దాంట్లోనా? సాంబమూర్తి దాంట్లోనా? జగన్ దాంట్లోనా? తిరిగి తెచ్చాక ఎన్నింటిని చెరిపాడు? ఆ సందులన్నీ, ఆ బల్లలన్నీ ఒకదాని మీద ఒకటి కలిసిపోయాయి. ఎక్కడ ఏది మిగిలిపోయిందో అతనికే గుర్తులేదు.

"జర నీళ్లిస్తరా అమ్మా?" అన్నాడు.

కుసుమకుమారి వంటింట్లోకి వెళ్ళింది. రావుగారు జవాబు కోసం చూస్తున్నాడు. అభిరామ్ చూడడం మానేసి, కిటికీ వైపు తిరిగాడు. మహిపాల్ మెల్లగా లేచాడు. గుమ్మం బయట చెప్పులు కాళ్ళకు సరిగ్గా దొరక్కపోతే చేత్తో పట్టుకున్నాడు. ఆమె గ్లాసుతో హాల్లోకి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది, గేటు తెరిచి ఉంది. ఎండలో సందు చివర అతను కర్మన్‌ఘాట్ వైపు తిరిగి, ఆనాటి దెబ్బలకు ఒక కాలు ఈడ్చుకుంటూ, చెప్పులు చేతిలోనే పట్టుకుని నడిచిపోతున్నాడు.